డిసెంబరు మొదట్లో యూరప్‌లో స్కీయింగ్: మంచు తప్పకుండా ఉండే ఊరిని ఎంచుకోవడం ఎలా? – తరచుగా అడిగే ప్రశ్నలు

మేం మ్యూనిక్‌లో ఉంటాం. దసరా దాటిందంటే నా ఫోన్‌కి ఒకే రకం మెసేజ్‌లు మొదలవుతాయి. హైదరాబాద్ నుంచి, లండన్ నుంచి, డబ్లిన్ నుంచి స్నేహితులు, చుట్టాలు, వాళ్లకి తెలిసినవాళ్లు. "క్రిస్మస్ రేట్లు పెరగకముందే పిల్లల్ని స్కీయింగ్‌కి తీసుకెళ్దాం అనుకుంటున్నాం, ఏ ఊరు మంచిది? మంచు ఉంటుందా?" అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఇక్కడ నేను మాట్లాడేది నవంబరు మూడో వారం నుంచి డిసెంబరు 20 దాకా ఉన్న రోజుల గురించే. జనవరి, ఫిబ్రవరి లెక్క వేరు.

ఆల్ప్స్ పర్వతాలు కదా, డిసెంబరులో మంచు లేకుండా ఎలా ఉంటుంది?

ఉండకపోవచ్చు. మా మొదటి ట్రిప్‌లో మాకు జరిగింది అదే. డిసెంబరు రెండో వారం, ఆస్ట్రియాలో ఒక అందమైన ఊరు. బుకింగ్ పేజీలో ఇంటి కప్పుల మీద అడుగు మందం మంచు ఉన్న ఫొటోలు చూసి డబ్బు కట్టేశాం. వెళ్లేసరికి వాన. గది కిటికీ తెరిస్తే పచ్చగడ్డి, మధ్యలో పట్టె మంచానికి దుప్పటి పరిచినట్టు ఒకే ఒక్క తెల్లటి చార, అది కూడా మెషీన్లతో వేసిన మంచు. ఆరేళ్ల మా అమ్మాయి కిటికీ దగ్గర నిలబడి "నాన్నా, మంచు ఎప్పుడు వస్తుంది?" అని అడిగింది. ఆ ఊరు ఎంత ఎత్తులో ఉందో నేను బుక్ చేసే ముందు చూడనే లేదు. సుమారు 900 మీటర్లు.

అది ఒక్క మా దురదృష్టం కాదు. 2023 కొత్త సంవత్సరం రోజుల్లో ఐరోపాలో చాలా చోట్ల చలికాలంలో ఎన్నడూ లేనంత వెచ్చగా ఉంది. స్విట్జర్లాండ్‌లో ఆడెల్‌బోడెన్‌లో జరిగిన స్కీయింగ్ ప్రపంచ కప్ పోటీలు పచ్చని కొండ మీద సన్నటి మంచు పట్టీలో నడిచాయి. అది జనవరి. అలాంటిది డిసెంబరు మొదట్లో తక్కువ ఎత్తున్న ఊరికి వెళ్లడమంటే లాటరీ టికెట్ కొన్నట్టే.

ఇంకో సంగతి. సీజన్ మొదట్లో నేల ఇంకా చల్లబడి ఉండదు. మొదట పడిన మంచు సగం కరిగిపోతుంది. దాని మీద రెండు మూడు సార్లు పడితేనే అడుగున గట్టి పొర ఏర్పడుతుంది. ఫిబ్రవరిలో ఒక వారం మంచు పడకపోయినా ఆ పొర కాపాడుతుంది. డిసెంబరులో ఆ పొర ఇంకా తయారవుతూ ఉంటుంది.

అయితే ఎంత ఎత్తు ఉంటే సరిపోతుంది?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

ప్రతి రిసార్టుకూ రెండు ఎత్తులు ఉంటాయి. ఊరి ఎత్తు ఒకటి, మనుషుల్ని కొండ మీదికి చేర్చే చివరి లిఫ్టు ఆగే శిఖరం ఎత్తు ఇంకోటి. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేసేది రెండోది. "3,000 మీటర్ల దాకా స్కీయింగ్" అని చూసి మనం పొంగిపోతాం. కానీ జీవితంలో మొదటిసారి స్కీలు కట్టుకున్న మనిషి మొదటి మూడు రోజులు శిఖరం మీదికి పోడు. నేర్చుకునే చిన్న వాలు ఎక్కడుందో అక్కడే ఉంటాడు. చాలా ఊళ్లలో ఆ వాలు ఊరి పక్కనే, లోయ అడుగున ఉంటుంది. పైన రెండు మీటర్ల మంచు ఉన్నా కింద బురద ఉంటే మీ పిల్లలకు ఒరిగేదేమీ లేదు.

అందుకే నేను అడిగేది ఎప్పుడూ ఒకటే: *మీరు నిలబడబోయే చోటు ఎంత ఎత్తులో ఉంది?*

వెయ్యి మీటర్లు పైకి వెళ్తే సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. వాన మంచుగా మారే గీత, సున్నా డిగ్రీల ఎత్తుకి కాస్త కిందే, సుమారు రెండు మూడు వందల మీటర్ల దిగువన ఉంటుంది. డిసెంబరు మొదట్లో వెచ్చటి గాలులు వీచిన రోజు ఆ సున్నా గీత 2,000 మీటర్లు కూడా దాటుతుంది. కాబట్టి నా లెక్క ఇది. ఊరు 1,800 మీటర్ల పైన ఉంటే నిశ్చింతగా బుక్ చేయండి. 1,500 నుంచి 1,800 మధ్య అయితే మంచు మెషీన్లు ఎన్ని ఉన్నాయో, వాలు ఎటు తిరిగి ఉందో చూడాలి. 1,200 కన్నా కింద అయితే ఈ నెలలో వద్దు, జనవరిలో వెళ్లండి. పేరున్న కిట్స్‌బ్యూల్ ఊరు సుమారు 760 మీటర్లే. మన తిరుమల కొండ దానికన్నా ఎత్తు.

గ్లేసియర్ ఉన్న రిసార్టు అయితే చాలదా?

గ్లేసియర్ అంటే ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే హిమానీనదం. మంచు ఉంటుందా అంటే, ఉంటుంది. ఆస్ట్రియాలో హింటర్‌టుక్స్ గ్లేసియర్ మీద ఏడాది పొడవునా స్కీయింగ్ చేస్తారు. లిఫ్టులు 3,250 మీటర్ల దాకా వెళ్తాయి. స్టుబాయ్, సోల్డెన్, స్విట్జర్లాండ్‌లో జెర్మాట్, సాస్-ఫే, ఫ్రాన్స్‌లో టీన్య, అన్నీ ఇలా పైన హిమానీనదం ఉన్నవే. సోల్డెన్‌లోనైతే అక్టోబరు చివర్లోనే ప్రపంచ కప్ సీజన్ మొదలవుతుంది.

కానీ గ్లేసియర్ మీద గాలి ఉంటుంది. గాలి ఎక్కువైతే లిఫ్టులు ఆపేస్తారు. 2023 అక్టోబరులో సోల్డెన్‌లో మగవాళ్ల పోటీ గాలి వల్ల మధ్యలోనే రద్దయింది. జెర్మాట్, ఇటలీలోని చెర్వీనియా మధ్య అప్పట్లో కొత్తగా పెట్టిన డౌన్‌హిల్ (వేగంగా కిందికి దూసుకెళ్లే) పోటీల సంగతి ఇంకా ఆశ్చర్యం. 2022లో మంచు చాలక రద్దు చేశారు, 2023లో మంచు, గాలి ఎక్కువై రద్దు చేశారు. నవంబరులో అంత ఎత్తు మీద ఏదైనా జరగొచ్చని అవి చూపించాయి.

రెండోది, గ్లేసియర్ ఒక్కటే తెరిచి ఉంటే రోజూ పొద్దున్నే రెండు మూడు గొండోలాలు (తీగ మీద నడిచే పెట్టెల్లాంటి లిఫ్టులు) మారి పైకి వెళ్లాలి, సాయంత్రం అలాగే దిగాలి. అయిదేళ్ల పిల్లవాడితో, హెల్మెట్లతో, స్కీలతో ఆ క్యూలో నిలబడటం తేలిక కాదు. పైగా 3,200 మీటర్ల మీద మైనస్ 15లో పిల్లలు అరగంటకే ఏడుస్తారు.

చెప్పడానికి బాధగా ఉన్న మాట ఇంకోటి ఉంది. స్విట్జర్లాండ్ గ్లేసియర్లు 2022, 2023 రెండేళ్లలోనే తమ ఘనపరిమాణంలో పదో వంతు పోగొట్టుకున్నాయి. మా అమ్మాయి ఆడుకున్న మంచు మీద ఆమె పిల్లలు ఆడుకుంటారని నేను అనుకోవడం లేదు. "ఇక్కడ గ్లేసియర్ ఉంది" అన్న మాటని పదేళ్ల కిందట నమ్మినంతగా ఇప్పుడు నమ్మకండి. ఈ ఏడాది ఎన్ని వాలులు తెరిచారో చూసి నమ్మండి.

సరే, ఊళ్ల పేర్లు చెప్పండి. పిల్లలతో మొదటిసారి వెళ్లేవాళ్లకు ఏది?

ఒక్క పేరే చెప్పమంటే ఆస్ట్రియాలోని ఓబర్‌గుర్గల్. ఊరు 1,930 మీటర్ల ఎత్తులో, లోయకి చిట్టచివర ఉంది. పక్కనున్న హోఖ్‌గుర్గల్ ఇంకా పైన, 2,150 మీటర్లు. లిఫ్టులు 3,080 దాకా వెళ్తాయి. నవంబరు మధ్యలో తెరుస్తారు. గ్లేసియర్ మీద ఆధారపడకుండా అంత త్వరగా తెరవగలిగే ఊళ్లు ఆల్ప్స్‌లో తక్కువ. నేర్చుకునే వాలు ఊళ్లోనే ఉంటుంది, హోటల్ నుంచి స్కీ బూట్లతో నడిచి వెళ్లొచ్చు. ఇన్స్‌బ్రుక్ నుంచి కారులో గంటన్నర. చిన్న ఊరు, రాత్రి తొమ్మిదికి నిశ్శబ్దం. మా కుటుంబం మూడు డిసెంబరులు అక్కడికే వెళ్లింది. మొదటిసారి మా అమ్మాయి బస్సు దిగీ దిగగానే చేతి తొడుగు తీసి మంచు పట్టుకుని నోట్లో పెట్టుకుంది. పచ్చగడ్డి చూసిన ఆ మొదటి ట్రిప్ బాకీ నాకు ఆ రోజు తీరింది.

ఫ్రాన్స్‌లో అయితే వాల్ తోరెన్స్. ఊరే 2,300 మీటర్లు, యూరప్‌లో ఇంతకన్నా ఎత్తున్న స్కీ రిసార్టు ఊరు లేదు. నవంబరు మూడు, నాలుగు వారాల్లో తెరుస్తారు. పక్క లోయలతో కలిపితే 600 కిలోమీటర్ల వాలులు, కానీ ఆ మాట చూసి మోసపోకండి. సీజన్ మొదట్లో కింది లోయల్లోని మెరిబెల్, కూర్షెవెల్ ఇంకా తెరవరు, అవి సుమారు డిసెంబరు మొదటి శనివారం నుంచే. ఇంకో లోపం, అక్కడ చెట్లు లేవు. మంచు తుపాను వచ్చిన రోజు నేల ఎక్కడ ముగిసిందో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియదు. చెట్లుంటే కనీసం కన్ను ఆనడానికి ఏదో ఒకటి ఉంటుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు అలాంటి తెల్లచీకటి చాలా భయం కలిగిస్తుంది. జెనీవా నుంచి బస్సులో సుమారు మూడు గంటలు.

టీన్య (2,100 మీటర్లు), వాల్ దిజేర్ (1,850) కూడా ఫ్రాన్స్‌లోనివే, రెండూ కలిపి 300 కిలోమీటర్ల వాలులు. ఇప్పటికే కొంచెం వచ్చినవాళ్లకు ఇవి చాలా బాగుంటాయి. వాల్ దిజేర్‌లో 1955 నుంచి డిసెంబరులో "మొదటి మంచు" పేరుతోనే పోటీలు జరుగుతున్నాయంటే ఆ ఊరికి డిసెంబరు మంచు మీద ఎంత నమ్మకమో చూడండి.

ఇటలీలో చెర్వీనియా, 2,050 మీటర్లు. మాటర్‌హార్న్ శిఖరానికి ఇటలీ వైపు ఉన్న ఊరు. దీన్ని మనవాళ్లు ఎందుకో పట్టించుకోరు. నేర్చుకునేవాళ్ల వాలులు గొండోలాతో ఎక్కాక 2,550 మీటర్ల దగ్గర, విశాలంగా, మెల్లగా దిగుతూ ఉంటాయి. పర్వతానికి అటువైపున్న జెర్మాట్‌తో పోలిస్తే గదులు, తిండి బాగా చవక. జెర్మాట్ అందం వేరే, కాదనను. కార్లు లేని ఊరు, రైల్లోనే చేరాలి. కానీ ఊరు 1,620 మీటర్లే, నేర్చుకోవడానికి రోజూ పైకి ఎక్కాలి, ఖర్చు మోయలేనంత.

ఎత్తు తక్కువైనా ఫరవాలేదు అనదగిన చోట్లు లేవా?

ఉన్నాయి, రెండు కారణాల వల్ల.

ఒకటి, గడ్డి. ఎత్తైన ఊళ్లలో నేల నిండా బండరాళ్లు, వాటిని కప్పాలంటే అర మీటరు నుంచి మీటరు మంచు కావాలి. పశువులు మేసే గడ్డి వాలు మీద అయితే ముప్పై సెంటీమీటర్లు గట్టిపడినా స్కీయింగ్ చేయొచ్చు. అందుకే ఒక్కోసారి మంచు బాగా పడిన వారంలో, ఎత్తు తక్కువున్న ఆస్ట్రియా ఊరు పక్కనున్న పెద్ద పర్వతం కన్నా ముందు తెరుచుకుంటుంది. కానీ అది మంచు పడిన తర్వాత కారెక్కి వెళ్లగలిగే మాలాంటి దగ్గరివాళ్లకు పనికొస్తుంది. మూడు నెలల ముందు విమానం టికెట్లు కొనేవాళ్లకు కాదు.

రెండోది, మంచు ఎటు నుంచి వస్తుందన్నది. వాయవ్యం నుంచి వచ్చే తుపానులు ఆల్ప్స్ ఉత్తరపు అంచుని ముందుగా ఢీకొంటాయి. ఆస్ట్రియాలో ఆర్ల్‌బెర్గ్ ప్రాంతం, అంటే లెఖ్, సాంక్ట్ ఆంటోన్, ఆ దారిలోనే ఉంది. లెఖ్ ఊరు సుమారు 1,450 మీటర్లే అయినా, తనకన్నా ఎత్తున్న చాలా ఊళ్ల కంటే ఎక్కువ మంచు పడుతుంది. మామూలుగా డిసెంబరు మొదటి వారాంతంలో తెరుస్తారు.

ఇటలీలోని డోలమైట్స్ సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. ఆల్టా బాడియా, వాల్ గార్డెనా లాంటి చోట్ల సహజంగా పడే మంచు అంత నమ్మదగింది కాదు. కానీ గాలి పొడిగా, రాత్రులు చల్లగా ఉంటాయి, దాదాపు అన్ని వాలుల మీదా మంచు మెషీన్లు ఉన్నాయి. ఆకాశం నీలంగా, ఎండ పడుతూ, కాళ్ల కింద నున్నటి మంచు. పిల్లలకి అంతకన్నా ఏం కావాలి?

మెషీన్ మంచు అంటే నకిలీ కదా?

అందులో ఉండేది నీళ్లు, గాలి, అంతే. సన్నటి తుంపరని గాలిలోకి చిమ్మితే నేల మీద పడేలోగా గడ్డకడుతుంది. సహజమైన మంచు కన్నా బరువుగా, గట్టిగా ఉంటుంది కాబట్టి త్వరగా కరగదు. డిసెంబరు మొదట్లో వాలులన్నిటికీ అడుగున ఉండేది చాలావరకు ఇదే.

అయితే దానికి చలి కావాలి. ఉత్త చలి ఉంటే చాలదు, పొడి గాలి కావాలి. మన ఇళ్లలో ఎయిర్ కూలర్ గురించి తెలిసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. అనంతపురంలో కూలర్ పనిచేసినట్టు విశాఖలో ఎందుకు పనిచేయదు? తేమ వల్ల. ఇదీ అంతే. గాలి పొడిగా ఉంటే సున్నాకి కాస్త అటూ ఇటుగా ఉన్నా తుంపర గడ్డకడుతుంది. తేమ ఎక్కువుంటే మైనస్ రెండులో కూడా నీళ్లే పడతాయి. "మా ఊళ్లో నూరు శాతం మంచు మెషీన్లు ఉన్నాయి" అన్న ఊరు కూడా వెచ్చటి, తేమ వారంలో ఏమీ చేయలేక చూస్తూ ఉండాల్సిందే.

ఆల్ప్స్ వదిలేసి ఫిన్లాండ్ వెళ్తే?

చలి గ్యారంటీ, మంచు గ్యారంటీ. లెవీ, రుకా లాంటి చోట్ల ముందటి శీతాకాలం మంచుని వేసవంతా కప్పి దాచి, మళ్లీ వాలు మీద పరుస్తారు. నవంబరులో లెవీలో ప్రపంచ కప్ స్లాలమ్ (కర్రల మధ్య మెలికలు తిరుగుతూ దిగే పోటీ) జరుగుతుంది, గెలిచినవాళ్లకు బహుమతి ఒక రెయిన్‌డీర్.

కొండలు మాత్రం చిన్నవి. లెవీ శిఖరం 531 మీటర్లు. డిసెంబరు రెండో వారం నుంచి అక్కడ సూర్యుడు ఉదయించడు. మధ్యాహ్నం కాసేపు నీలిరంగు వెలుగు, తర్వాత దీపాల కింద స్కీయింగ్. ఉత్తర కాంతులు, కుక్కల బండి, శాంటా, వీటితో పాటు కొంచెం స్కీయింగ్ చాలనుకుంటే చిన్నపిల్లలకు ఇది చాలా మంచి ట్రిప్. స్కీయింగే ముఖ్యమైతే ఆల్ప్స్‌కే రండి.

ఏ వారం వెళ్లాలి?

డిసెంబరు 8 తర్వాత మొదలై 20 లోపు ముగిసే వారం. నవంబరులో వెళ్తే లిఫ్టులు కొన్నే తిరుగుతాయి, పిల్లల స్కీ క్లాసులు చాలా ఊళ్లలో ఇంకా మొదలవ్వవు. ఇది చాలామంది చూసుకోరు. మంచు ఉండి టీచరు లేకపోతే ఏం లాభం? బుక్ చేసే ముందు స్కీ స్కూలుకి మెయిల్ పెట్టి "ఆ వారం పిల్లల గ్రూపు క్లాసు ఉందా?" అని అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

డిసెంబరు 8 ఎందుకంటే ఆ రోజు ఇటలీలో, ఆస్ట్రియాలో పండగ సెలవు. మిలాన్‌లో 7 కూడా సెలవే. అది వారాంతంతో కలిసిందంటే ఇటలీ రిసార్టులన్నీ కిటకిటలాడతాయి. 20 దాటితే గది అద్దె ఒక్కసారిగా పెరిగిపోతుంది.

బుక్ చేసే ముందు మంచు సంగతి ఎలా తెలుసుకోవాలి?

ఫొటోలు చూడొద్దు, వెబ్‌క్యామ్ చూడండి. ప్రతి రిసార్టు సైట్‌లోనూ ఉంటాయి. శిఖరం మీది కెమెరా ఎప్పుడూ తెల్లగానే ఉంటుంది, దాన్ని వదిలేసి ఊరి కెమెరా, నేర్చుకునే వాలు కెమెరా చూడండి. చాలా సైట్లలో పాత తేదీల చిత్రాలు కూడా దాచి ఉంచుతారు. గత నాలుగైదేళ్లలో మీరు వెళ్లే తేదీన ఆ వాలు ఎలా ఉందో ఒక్కొక్కటే తిప్పి చూడండి. అరగంట పని. నేను ఇది మొదటిసారి చేసినప్పుడు, మేం మోసపోయిన ఆ ఊరు అయిదేళ్లలో మూడేళ్లు పచ్చగానే ఉందని తెలిసింది.

మంచు లోతు అంకెలు రెండు ఇస్తారు, పైన ఎంత, కింద ఎంత అని. కింద అంకె చూడండి. దానికన్నా ముఖ్యం, ఎన్ని కిలోమీటర్ల వాలులు *తెరిచి* ఉన్నాయన్నది.

విమానం టికెట్లు కొనక తప్పదు కాబట్టి, గది మాత్రం ఆలస్యంగా రద్దు చేసుకునే వీలున్నదే తీసుకోండి. కొంచెం ఎక్కువైనా సరే. స్కీ పాసు, అంటే లిఫ్టులెక్కే టికెట్టు, ముందే కొంటే తగ్గింపు వస్తుంది, కానీ మంచు లేకపోతే తిరిగి ఇస్తారా లేదా అని చదివి కొనండి.

మేం ఎప్పుడూ స్కీ చేయలేదు. పెద్ద పాసు కొనాలా?

వద్దు. ఫ్రాన్స్‌లో చాలా ఊళ్లలో నేర్చుకునేవాళ్ల లిఫ్టులు ఉచితం. మిగతా చోట్ల చిన్న పాసులు ఉంటాయి. మూడో రోజు దాకా మీకు వంద మీటర్ల వాలు చాలు.

ఫ్రాన్స్‌లో వాలులకు నాలుగు రంగులు: ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు. ఆకుపచ్చ అన్నిటికన్నా తేలిక. ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, ఇటలీల్లో మామూలుగా నీలంతోనే మొదలు. సీజన్ మొదట్లో తెరిచిన కొద్ది వాలుల్లో ఎన్ని నీలం ఉన్నాయో లెక్కపెట్టుకోండి. ఇరవై కిలోమీటర్లు తెరిచి అన్నీ ఎరుపైతే మీరు ఎక్కడికి పోతారు?

వాలు గీతలు దాటి బయటి మంచులోకి మాత్రం వెళ్లొద్దు, పిల్లల్ని వెళ్లనివ్వద్దు. ఈ నెలలో మంచు పల్చగా ఉండి దాని కింద రాళ్లు దాగి ఉంటాయి. మొదట పడిన మంచు చలికి పంచదార రవ్వలా విడిపోయి ఉంటుంది, దాని మీద కొత్త మంచు నిలవదు, జారిపోతుంది. మంచు చరియలు విరిగిపడేది అలాగే.

వీసా, ఇన్సూరెన్స్?

షెంగెన్ వీసాకు (పైన చెప్పిన యూరప్ దేశాలన్నిటికీ ఇదొక్కటే) ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టొచ్చు, కనీసం 15 రోజుల ముందు పెట్టాలి. ఫీజు పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు 45, ఆరేళ్ల లోపు వాళ్లకు లేదు. ఎక్కువ రాత్రులు ఉండే దేశానికే దరఖాస్తు చేయాలి. జెనీవాలో దిగినా వారమంతా వాల్ తోరెన్స్‌లో ఉంటే ఫ్రాన్స్‌కే. లండన్‌లో, డబ్లిన్‌లో ఉండే భారత పాస్‌పోర్టు వాళ్లకీ ఇది కావాలి. సెప్టెంబరులోనే మొదలుపెట్టండి, టెన్షన్ ఉండదు.

ఇన్సూరెన్స్ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. వీసా కోసం తీసుకునే 30,000 యూరోల పాలసీల్లో చాలావాటికి స్కీయింగ్ వర్తించదు. కాలు విరిగి హెలికాప్టర్‌లో దింపాల్సి వస్తే బిల్లు వేల యూరోల్లో ఉంటుంది. "వింటర్ స్పోర్ట్స్" అన్న మాట పాలసీలో ఉందో లేదో చదివి చూసుకోండి. ఫ్రాన్స్‌లో పాసుతో పాటు రోజుకు మూడు నాలుగు యూరోలకు రెస్క్యూ బీమా కూడా అమ్ముతారు, అది తప్పక తీసుకోండి. ఇటలీలో ఎదుటివాళ్లకు దెబ్బ తగిలితే కట్టే బీమా 2022 నుంచి తప్పనిసరి, 2025 నవంబరు నుంచి అన్ని వయసులవాళ్లకూ హెల్మెట్ తప్పనిసరి.

కారు తీసుకోవచ్చా?

శీతాకాలం టైర్లు ఉంటేనే. ఆస్ట్రియాలో నవంబరు 1 నుంచి ఏప్రిల్ 15 దాకా మంచు రోడ్ల మీద అవి లేకపోతే చట్టవిరుద్ధం. ఫ్రాన్స్ కొండ ప్రాంతాల్లో నవంబరు 1 నుంచి మార్చి 31 దాకా ఆ టైర్లో, టైర్లకు చుట్టే గొలుసులో ఉండాలి. మంచులో బండి నడపడం అలవాటు లేకపోతే బస్సే మేలు.

బట్టలు ఏం తీసుకెళ్లాలి?

జీన్స్ వద్దు, కాటన్ వద్దు. తడిస్తే ఆరవు, చలి ఎముకల్లోకి పోతుంది. లోపల చెమట పీల్చే పల్చటి పొర, మధ్యలో ఫ్లీస్, పైన తడవని జాకెట్, ప్యాంటు. మేజోళ్లు ఒక్క జతే, పొడవుగా. రెండు జతలు వేస్తే బూటు బిగుసుకుని రక్తం ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి. అమ్మమ్మలు ప్రేమగా సర్దే మంకీ క్యాప్ ఊళ్లో తిరగడానికి బాగుంటుంది, హెల్మెట్ కింద మాత్రం ముద్దలా అడ్డుపడుతుంది. స్కీలు, బూట్లు, హెల్మెట్ అక్కడే అద్దెకి దొరుకుతాయి.

స్కీయింగ్ చేయని అమ్మానాన్నల్ని తీసుకెళ్లొచ్చా?

తీసుకెళ్లండి, కానీ ఊరు ఎంపిక మారుతుంది. నడిచేవాళ్లకు జెర్మాట్ బాగుంటుంది. 1898 నుంచి నడుస్తున్న గోర్నర్‌గ్రాట్ పళ్లచక్రాల రైలు 3,089 మీటర్ల దాకా కూర్చోబెట్టి తీసుకెళ్తుంది. లేదంటే ఇన్స్‌బ్రుక్‌లో దిగండి. పెద్దవాళ్లు క్రిస్మస్ బజార్లు చూస్తూ ఉంటారు, మిగతావాళ్లు స్టుబాయ్ గ్లేసియర్‌కి వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు, 45 కిలోమీటర్లే.

బీపీ, గుండె సమస్య ఉన్నవాళ్లు 2,000 మీటర్ల పైన రాత్రులు గడిపే ముందు డాక్టరుని అడగాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి కూడా మొదటి రాత్రి కొంచెం తలనొప్పి, సరిగా నిద్ర పట్టకపోవడం మామూలే. నీళ్లు బాగా తాగించండి.

గుల్మార్గ్‌కే వెళ్తే సరిపోదా?

జనవరి చివర, ఫిబ్రవరి అయితే గుల్మార్గ్ అద్భుతం, ఖర్చు కూడా తక్కువ. డిసెంబరు మొదట్లో మాత్రం అక్కడ మంచుని నమ్ముకోలేం. కశ్మీరీలు గట్టి చలికాలంగా లెక్కపెట్టే చిల్లై కలాన్ మొదలయ్యేదే డిసెంబరు 21న.

శాకాహారులకు తిండి ఎలా?

హోటళ్లలో చీజ్, బంగాళాదుంప, నూడిల్స్ దొరుకుతాయి. ఆస్ట్రియాలో చీజ్‌తో చేసే కేజె-ష్పెట్స్‌లే అనే వంటకాన్ని పిల్లలు ఇష్టంగా తింటారు. రెండు రోజులకి మనకి అన్నం గుర్తొస్తుంది. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి, ఫ్రాన్స్‌లో అవే ఎక్కువ.

భారత్ నుంచి వచ్చేవాళ్లు నెయ్యి, పాలకోవా, పచ్చి కరివేపాకు తేవొద్దు. పాల పదార్థాలు, పచ్చి ఆకులు ఐరోపా సమాఖ్యలోకి అలా తేవడానికి అనుమతి లేదు. కందిపొడి, గోంగూర పచ్చడి, చింతపండు పులిహోర పేస్టు తెచ్చుకోవచ్చు. పచ్చడి సీసా మూత మీద టేపు రెండు చుట్లు చుట్టండి, ఎత్తు మీద గాలి ఒత్తిడి తగ్గి నూనె కారుతుంది.

చిన్న కుక్కర్ మాత్రం మర్చిపోవద్దు, అదీ ఇండక్షన్ పొయ్యి మీద పనిచేసేది. 2,300 మీటర్ల మీద నీళ్లు సుమారు 92 డిగ్రీలకే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు గంటన్నర పెట్టినా పలుకు పలుకుగానే ఉంటుంది, అన్నం పైన మెత్తగా లోపల గట్టిగా వస్తుంది. మేం వాల్ తోరెన్స్‌లో మొదటి రాత్రి ఆ పప్పుతోనే తిన్నాం. మర్నాడు పక్క అపార్ట్‌మెంట్‌లో ఉన్న గుంటూరు వాళ్లు తమ కుక్కర్ ఇచ్చారు. అయిదు విజిల్స్‌కి మెత్తగా ఉడికింది. కిటికీ బయట మంచు పడుతూనే ఉంది.